డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు: రక్తపరీక్షకు ఒక తెలుగువాని కానుక

పూర్వం వైద్యులు నాడి పట్టి రోగాన్ని నిర్ణయించేవారు. యునానీ హకీములు కారూరాను, అంటే సీసాలో పట్టిన మూత్రాన్ని, వెలుతురుకెత్తి దాని రంగును, మడ్డిని పరిశీలించేవారు. నేడు మూత్రపిండాల స్థితిని తెలుసుకొనుటకు వైద్యులు మూత్రంతోపాటు రక్తాన్ని కూడా పరీక్షిస్తున్నారు. యూరియా, క్రియాటినిన్, ఫాస్ఫరస్ అనే మాటలు ఆసుపత్రికి వెళ్ళివచ్చిన ప్రతి కుటుంబానికీ పరిచితములే. ఆ కాగితం వెనుక ఒక తెలుగువాని కృషి దాగి ఉన్నదన్న సంగతి మాత్రం మనలో కొందరికే తెలుసు. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. ఆ మహనీయుని జీవితాన్ని మా విద్యార్థులకు పరిచయం చేయదలచినాము.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. ఇంట్లో పేదరికం, చదువులో వైఫల్యాలు ఆయన బాల్యాన్ని వెన్నాడినవి. మెట్రిక్యులేషన్ పరీక్షలో మూడవ ప్రయత్నానగాని గట్టెక్కలేదు. ఈ సంగతిని మా విద్యార్థులు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. తరువాత ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. గాంధీజీ పిలుపునందుకొని ఖద్దరు ధరించడం ఒక ఆంగ్ల ఆచార్యునికి ఆగ్రహం కలిగించింది. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. పట్టానికి బదులు, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కింది. స్ప్రూ అనే గ్రహణి వ్యాధి ఆయన సోదరులను బలిగొన్నది. వ్యాధుల మూలాన్ని వెదకాలనే దీక్షకు ఆ దుఃఖమే బీజం వేసిందని చెప్పవచ్చు.

కొంతకాలం మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రాన్ని బోధించి, మామగారి సాయంతోను, కాకినాడలోని సత్యలింగ నాయకర్ ధర్మనిధి సహకారంతోను 1922లో అమెరికాలోని బోస్టన్ నగరం చేరారు. పగలు చదువు, రాత్రి ఆసుపత్రిలో కూలిపని. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో జీవరసాయన శాఖకు ఆనాడు అధిపతి ఆటో ఫోలిన్. రక్తంలోను, మూత్రంలోను క్రియాటినిన్‌ను రంగు ద్వారా కొలిచే విధానాన్ని ప్రచారంలోకి తెచ్చినవాడాయన. ఆ శాఖలోనే సైరస్ ఫిస్క్ వద్ద సుబ్బారావు పరిశోధన ప్రారంభించారు.

1925లో వారిరువురి పేర్లతో ఫిస్క్-సుబ్బారావు పద్ధతి వెలువడింది. అంతకుముందు ఉన్న పద్ధతులలో రంగు నిలకడగా ఉండేది కాదు. వీరి విధానంలో మొదట రక్తంలోని మాంసకృత్తులను వేరుచేసి వడపోస్తారు. వచ్చిన ద్రవంలో ఆమ్ల మాలిబ్డేట్‌ను కలుపుతారు. పిదప మరొక రసాయనాన్ని చేర్చగానే నీలిరంగు ఏర్పడుతుంది. ఫాస్ఫరస్ ఎంత ఎక్కువైతే నీలిమ అంత చిక్కన. పెద్దవారి రక్తంలో ఇది 100 మిల్లీలీటర్లకు సుమారు 2.5 నుండి 4.5 మిల్లీగ్రాములు ఉంటుంది.

ఈ నీలిరంగు వెంటబడియే వారు 1927లో కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను కనుగొన్నారు. కండరానికి తక్షణ శక్తినిచ్చే నిధి అది. ఇక్కడొక విశేషం గమనించదగినది. ఆ ఫాస్ఫోక్రియాటిన్, క్రియాటిన్‌ల నుండియే ప్రతిదినం కొద్దికొద్దిగా క్రియాటినిన్ పుడుతుంది. దానిని వడపోసి బయటికి పంపేవి మూత్రపిండాలు. అవి చెడితే అది రక్తంలోనే నిలిచిపోతుంది.

ఐతే ఈ సూచికలు ఆలస్యంగా పలుకుతాయి. మూత్రపిండాల శక్తి దాదాపు సగం తగ్గేవరకు క్రియాటినిన్ స్పష్టంగా పెరగకపోవచ్చు. ఫాస్ఫరస్ ఇంకా ఆలస్యం. శరీరం కొన్ని హార్మోనులను పెంచి, దానిని బలవంతంగా వెలికి నెట్టుతూ ఉంటుంది. ఆ శక్తి ఉడిగిన తరువాతనే ఫాస్ఫరస్ పెరిగి ఎముకలను, రక్తనాళాలను బాధిస్తుంది. అందుచేతనే వైద్యులు నేడు క్రియాటినిన్‌తోపాటు వయస్సును కూడా లెక్కవేసి వడపోత వేగాన్ని అంచనా కడుతున్నారు. అది మూడు నెలలకు పైగా 60కి లోబడి ఉంటే దీర్ఘకాలిక వ్యాధిగా పరిగణిస్తారు. మూత్రంలో ఆల్బుమిన్‌ను కూడా చూస్తారు.

ఇంత సాధించినను సుబ్బారావుకు హార్వర్డ్‌లో స్థిరమైన ఉద్యోగం లభించలేదు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్ళారు. అక్కడ ఆయన నాయకత్వంలో 1945లో ఫోలిక్ ఆమ్లం కృత్రిమంగా తయారైంది. మన కోస్తా ప్రజలను పీడించిన బోదకాలుకు హెట్రజాన్, రక్తపు క్యాన్సరుకు అమినాప్టెరిన్, మెథోట్రెక్సేట్ మందులు ఆ బృందం నుండియే వచ్చినవి. మెథోట్రెక్సేట్ ప్రధానంగా మూత్రపిండాల ద్వారా వెలువడే మందు. దానిని ఇచ్చేముందు వైద్యులు క్రియాటినిన్ చూచి తీరాలి. ఆయన జీవితంలోని రెండు పరిశోధనలు ఒకే రోగి మంచం వద్ద ఈ విధంగా కలుసుకొంటున్నవి.

ఈ వైభవానికి చెల్లించిన మూల్యం కూడా చెప్పక తప్పదు. గర్భవతియైన భార్య శేషగిరిని విడిచి వెళ్ళిన ఆయన తిరిగి రాలేదు. పుట్టిన కుమారుని కన్నులారా చూడలేదు. ఆ బిడ్డ శైశవంలోనే కన్నుమూశాడు. 1948 ఆగస్టులో, 53వ ఏట, సుబ్బారావు నిద్రలోనే మరణించారు. నోబెల్ బహుమానం రాలేదు. స్వదేశంలో 1995లో తపాలా బిళ్ళ వెలువడింది.

మైపాడు మొదలు కృష్ణపట్నం వరకు మన తీరంలో ఎండలో వలలు లాగేవారు, ఉప్పుమళ్ళలో, రొయ్యల చెరువుల గట్లపై శ్రమించేవారు ఎందరో కలరు. నొప్పి బిళ్ళలు మింగి మరునాడు పనికి పోయే అలవాటు వారిలో తక్కువేమీ కాదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో వేలాది కుటుంబాలను కూల్చిన మూత్రపిండ వ్యాధికి కారణం ఇంకా పూర్తిగా తేలలేదు. ఈ వ్యాధి తొలిదశలో నొప్పి ఉండదు, గుర్తు కనబడదు. మధుమేహం, రక్తపోటు ఉన్నవారు ఏడాదికొకసారియైనా రక్తమును, మూత్రమును పరీక్ష చేయించుకొనుట అవసరం. ఇంట్లో చదువుకొన్న పిల్లవాడు చెబితేనే ఆ మాట పెద్దల చెవికెక్కుతుంది.

రసాయన శాస్త్ర ప్రయోగశాలలో పరీక్షనాళికను చేతబట్టే మా విద్యార్థినీ విద్యార్థులు దానిని మార్కుల కొరకే పట్టుకొనరాదని మా కోరిక. మూడుసార్లు పరీక్ష వ్రాసిన భీమవరం కుర్రవాడు అటువంటి నాళికలో చూచిన నీలిరంగే లోకానికి మేలు చేసింది. ఆ చూపు మా కళాశాలలో ఒక్కరికైనా అబ్బుగాక!