యెల్లాప్రగడ సుబ్బారావు

నేటి పశ్చిమ గోదావరి జిల్లాలోని భీమవరమున 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన యెల్లాప్రగడ సుబ్బారావు జన్మించెను. తండ్రి జగన్నాథము, తల్లి వెంకమ్మ. వారిది పేద కుటుంబము. బాల్యమున సుబ్బారావునకు చదువుపై శ్రద్ధ తక్కువ. మెట్రిక్యులేషను పరీక్షలో ఆయన మూడవ ప్రయత్నమునగాని కృతార్థుడు కాలేదు.

ఆయన యౌవనమున ఆ ఇంట గొప్ప విషాదము సంభవించెను. స్ప్రూ అను ప్రేగుల వ్యాధి సోకినవారికి తిన్న ఆహారము ఒంటబట్టదు, రక్తము క్షీణించును. సుబ్బారావు సోదరులిద్దరు కొలది దినముల వ్యవధిలో ఆ వ్యాధికి బలియైరి. ఆయనకును అదే వ్యాధి రాగా, ఆచంట లక్ష్మీపతి చేసిన ఆయుర్వేద చికిత్సచే బ్రతికి బయటపడెను. రోగములకు మందులు కనుగొనవలెనను పట్టుదల ఆయన మనస్సున నాటుకొనెను.

మద్రాసు వైద్యకళాశాలలో చదువునపుడు ఆయన గాంధీజీ పిలుపు నందుకొని ఖద్దరు ధరించెను. అది ఒక ఆచార్యునికి రుచింపలేదు. తత్ఫలితముగా ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు, అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే లభించెను. అయినను ఆయన నిరుత్సాహపడక, 1923లో అమెరికా చేరి, హార్వర్డు విశ్వవిద్యాలయమున ప్రవేశించెను. రాత్రులయందు ఆసుపత్రిలో సేవకవృత్తి చేయుచు, పగలు విద్య నభ్యసించెను. రక్తములోని భాస్వరమును కొలుచు పద్ధతిని ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించెను.

1940లో ఆయన లెడర్లీ ఔషధ సంస్థలో చేరెను. రక్తవృద్ధికి ఆవశ్యకమైన ఫోలిక్ ఆమ్లమును ఆయన బృందము 1945లో కృత్రిమముగా తయారుచేసెను. సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధికి అదియే మందయ్యెను!

శరీరకణములు వృద్ధి చెందుటకు ఫోలిక్ ఆమ్లము కావలయును. దానిని పోలియుండియు, దాని పనిని అడ్డగించు పదార్థములను ఆయన బృందము పిమ్మట సిద్ధము చేసెను. వానిలో ఒకటి అమినోప్టెరిన్. బోస్టనులో సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు దానిని రక్తపు క్యాన్సరుతో బాధపడు 16 మంది పిల్లలకు ఇయ్యగా, 10 మందికి కొంతకాలము వ్యాధి శాంతించెను. ఈ వార్త 1948 జూన్‌లో వెలువడెను. రెండు నెలలలోనే, ఆగస్టులో, సుబ్బారావు తన 53 సంవత్సరముల వయస్సున మరణించెను. ఆయన మరల స్వదేశమును చూడనేలేదు.

అమినోప్టెరిన్‌కు సోదరప్రాయమైన మెథోట్రెక్సేటు చరిత్ర అంతటితో ముగియలేదు. మనలను కాపాడవలసిన రోగనిరోధక శక్తి ఒక్కొక్కప్పుడు దారితప్పి, మన కీళ్లనే శత్రువులని భ్రమించి బాధించును. అట్టి కీళ్లవాతమున ఈ మందును స్వల్ప మోతాదుతో, వారమున కొక్కసారి ఇచ్చినచో, ఆ శక్తి ఉద్రేకము అణగును. 1988లో అమెరికా ప్రభుత్వము ఇందుకు అనుమతి నొసగెను. నేడు లోకమున ఎందరో దీనివలన నొప్పి తగ్గి, తమ పనులు తాము చేసికొనుచున్నారు. ఆ మాత్రను మ్రింగువారిలో పలువురు సుబ్బారావు పేరు ఎరుగరు. ఆయన శ్రమ ఫలమును మాత్రము అనుభవించుచున్నారు.