మనిషి మాటకు విలువిచ్చిన గ్రేస్ హాపర్

ఏడేళ్ల పాప ఇంట్లో గడియారాలన్నీ విప్పేస్తే మీరేం చేస్తారు? గ్రేస్ హాపర్ (1906–1992) వాళ్లమ్మ, ఒక్క గడియారం మాత్రం విప్పుకోనిచ్చారు. ఆ పాపే పెద్దయ్యి, గణితం చదివి, అమెరికా నౌకాదళంలో చేరి కంప్యూటర్లపై పనిచేశారు.

అప్పట్లో ప్రోగ్రామంటే అంకెల వరుసలే. మనం రాసింది యంత్రభాషలోకి మార్చే కంపైలర్‌ను ఆమె 1952లో తయారుచేశారు. తర్వాత ఇంగ్లిష్ మాటలతో రాసే ఫ్లో-మ్యాటిక్ తెచ్చారు. కోబాల్‌కు అదే ముఖ్య ఆధారం. మాటలతో రాస్తే ప్రోగ్రామ్ పొడవవుతుంది, యంత్రానికి పని పెరుగుతుంది. అయినా మనిషికి అర్థం కావడమే ముఖ్యమనుకున్నారామె.

మన హుకుంపేటలో ఇంట్లో కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే కొందరు పిల్లలు, ఇంగ్లిష్ రాదని క్లాసులో సందేహం అడగరు. కంప్యూటర్ పాఠం ముందు ఇంటి భాషలోనే మీకు చెప్పమనండి. దాన్ని ఇంగ్లిష్‌లోకి తేవడం మా పని.