శ్వాసకు కావలి: డాక్టరు రూపాబాయి ఫర్దూన్‌జీ

శస్త్రచికిత్స జరుగు గదిలో కత్తి పట్టిన వైద్యుని పేరు రోగి బంధువులందరికిని తెలియును. రోగి తలవైపున నిలిచి మత్తుమందు ఇచ్చువారి పేరు అడుగువారు అరుదు. రోగి కన్ను తెరచినచో కీర్తి శస్త్రవైద్యునిది; తెరువనిచో నింద మత్తుమందు ఇచ్చినవారిది. అట్టి చోట ఇంచుమించు మూడు దశాబ్దములు నిలిచి హైదరాబాదు ప్రజలకు సేవ చేసిన విదుషి డాక్టరు రూపాబాయి ఫర్దూన్‌జీ. వైద్యవిద్య అభ్యసించి, మత్తుమందు ఇచ్చుటయే వృత్తిగా స్వీకరించిన స్త్రీలలో ప్రపంచమున ఆమెయే మొదటిదని వైద్యచరిత్ర వ్రాసినవారు చెప్పుచున్నారు.

పారసీక వంశమున జన్మించిన రూపాబాయి 1885లో హైదరాబాదు వైద్య పాఠశాలలో చేరెను. 1846లో నెలకొన్న ఆ పాఠశాలకు అప్పుడు ఎడ్వర్డు లారీ అను ఆంగ్లేయ వైద్యుడు అధిపతి. ఆయన ప్రోత్సాహమున ఆ ఏట చేరిన స్త్రీలు ఐదుగురు. ఐదుగురే కదా యని నేటివారు అనుకొనవచ్చును. కాని ఆ ఐదుగురి అవసరమెంతటిదో తెలియవలెనన్న నాటి పాతనగరమును తలచుకొనవలెను. మూసీకి దక్షిణమున శాలిబండ, ఉప్పుగూడ వైపులనుండి ఒక స్త్రీని ఆవలియొడ్డున నున్న అఫ్జల్‌గంజు ఆసుపత్రికి తేవలెనన్నచో నది దాటవలెను. నది దాటుటకు వంతెన యున్నది. పరదా దాటుటకు లేదు. నాడి చూపుటకే తెర చాటునుండి చేయి చాపు స్త్రీ, పరపురుషుల నడుమ స్పృహ తప్పి పడియుండుటకు ఎట్లు సమ్మతించును? తలవైపున నిలుచునది మరియొక స్త్రీ యని తెలిసినచో ఆ భయము కొంతయైనను తగ్గును గదా.

ఇక ఆ మందు సంగతి. క్లోరోఫారము మత్తు కలిగించునని 1847లో ఎడింబరోలో సింప్సను అను వైద్యుడు లోకమునకు చాటెను. రెండు నెలలు గడచినవో లేదో, 1848 జనవరిలో ఇంగ్లండున కాలిగోరు తీయించుకొనుటకు వచ్చిన పదునైదేండ్ల బాలిక ఆ మందు పీల్చి మరణించెను. ఈథరు అను మరియొక మందు ఉన్నను అది సుమారు 35 డిగ్రీల వేడికే మరుగును. దీపము సోకిన మండును. హైదరాబాదు వేసవిలో దానితో వేగుట కష్టము. కావున ఇచ్చట క్లోరోఫారమే గతి. అది మరణము కలిగించునపుడు ముందుగా ఆగునది గుండెయా, శ్వాసయా? గుండె యని లండను వైద్యులు, శ్వాస యని ఎడింబరో వైద్యులు వాదించుచుండిరి. లారీ ఎడింబరో పక్షమువాడు.

ఈ తగవు తీర్చుటకు 1888లో హైదరాబాదున ఒక సంఘము ఏర్పడి జంతువులపై ప్రయోగములు జరిపెను. లండనులోని లాన్సెట్ వైద్యపత్రిక దాని తీర్పును నమ్మలేదు. అంతట నిజాము మహబూబ్ అలీఖాన్ వేయి పౌనులిచ్చి, ఆ పత్రికనే తన ప్రతినిధిని పంపుమని కోరెను. 1889లో లాడర్ బ్రంటను అను ప్రసిద్ధ వైద్యుడు ఓడనెక్కి వచ్చెను. గుండెయే ముందు ఆగునని నమ్మి వచ్చినవాడు, వందలకొలది ప్రయోగములు చూచిన పిమ్మట మనసు మార్చుకొనెను. శ్వాసయే ముందు ఆగును, దానినే కనిపెట్టియుండుడు అని సంఘము తేల్చెను. ఈ రెండు సంఘముల పనిలోను విద్యార్థినియైన రూపాబాయి పాల్గొనెను. ఆ 1889లోనే ఆమెకు హకీము పట్టము లభించెను.

పట్టము పొందిన పిదప ఆమె బ్రిటిషు రెసిడెన్సీ ఆసుపత్రిలోను, అఫ్జల్‌గంజు ఆసుపత్రిలోను, అనంతరము విక్టోరియా జనానా ఆసుపత్రిలోను 1917 వరకు మత్తుమందు వైద్యురాలుగా పనిచేసెను. ఆ పని ఎట్టిదో విద్యార్థులు ఊహించుకొనవలెను. గుడ్డపై మందు చుక్కలుగా వేసి, రోగి ముక్కునకు దగ్గరగా పట్టవలెను. తక్కువైన రోగి నొప్పితో పెనగులాడును. ఎక్కువైన ఊపిరి నిలిచిపోవును. ఎంత మందు లోనికి పోయినదో చెప్పు యంత్రము లేదు. ఆమె పని మొదలిడిన నాడు రక్తపుపోటు చూచు సాధనము కూడ వైద్యుల చేతికి రాలేదు. ఉన్నవి కన్ను, చెవి, ఓర్పు. ఆ మందు ఆవిరి రోగికే కాదు, వంగి నిలిచినవారికిని తగులును. దీపజ్వాల దాపుననున్నచో అది విషవాయువుగా మారి గదిలోనివారిని దగ్గించును. శస్త్రవైద్యుని దృష్టి గాయముపై నుండును. ఆయన తొందరపెట్టినను ఆమె మాత్రము రోగి రొమ్ము ఎగసిపడుటపైనుండి చూపు మరల్పరాదు.

అమెరికాలో ఆ కాలముననే ఈ పని నర్సుల చేతిలో నుండెను. మేయో సోదరుల ఆసుపత్రిలో అలీస్ మెగా అను నర్సు పదునాలుగు వేలమందికి మత్తు ఇచ్చి, ఒక్క ప్రాణమైనను పోలేదని 1906లో ప్రకటించెను. కావున రూపాబాయిని మొదటిదనునపుడు నర్సులను లెక్కకు తీసికొనలేదని గుర్తుంచుకొనుట న్యాయము. సముద్రమున కటునిటు, కొలువు వేరైనను ఈ స్త్రీల పని ఒకటే.

1908 సెప్టెంబరులో మూసీ పొంగి అఫ్జల్‌గంజు ఆసుపత్రిని కూల్చెను. మరుసటి యేడు రూపాబాయి ఎడింబరో ప్రయాణము కట్టెను. ఇరువదేండ్ల అనుభవమున్నవారికి చదువెందుకని కొందరికి తోచవచ్చును. మత్తుమందు వైద్యమునకు అప్పుడు ప్రత్యేక పట్టమే లేదు. వాయువుల స్వభావము తెలిసికొనుటకై ఆమె పదార్థవిజ్ఞానము, రసాయనశాస్త్రము చదివి అచ్చటి విశ్వవిద్యాలయమున డిప్లొమా పొందెను. ఆ ఓడ ప్రయాణమున అనిబిసెంటు ఆమెకు పరిచయలేఖ వ్రాసి ఇచ్చినట్లు తెలియుచున్నది.

1911లో లండనున గుడ్‌మన్ లెవీ అను పరిశోధకుడు, క్లోరోఫారము మత్తు పలుచగా నున్నపుడే గుండె లయ తప్పి హఠాత్తుగా నిలిచిపోవచ్చునని నిరూపించెను. నాడిని పట్టించుకొననక్కరలేదన్న లారీ బోధ దానితో సడలినది. హైదరాబాదు సంఘము తీర్పులో సగము తప్పు. అయినను రోగి ఊపిరిని క్షణమైనను వదలక చూడవలెనన్న సగము నేటికిని తప్పు కాలేదు. రూపాబాయి ప్రతిదినము చేసినది ఆ రెండవ సగమే.

1920లో ఆమె చాదర్‌ఘాటు ఆసుపత్రి అధ్యక్షురాలుగా ఉద్యోగ విరమణ చేసెను. ఆమె మత్తుమందు ఇచ్చిన రెసిడెన్సీ ఆసుపత్రి తరువాతి కాలమున సుల్తాన్‌బజారు ప్రసూతి వైద్యశాల ఆయెను.