దుంపల రంగు లెక్క తేల్చిన డాక్టరు – రెడ్‌క్లిఫ్ సాలమన్

అల్ మవాలే కూరగాయల మార్కెట్టు మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2024లో అది బర్కా వైపు ఖజాయిన్‌కు తరలిపోయింది గానీ, సెలవురోజు పొద్దున్నే సంచులు పట్టుకుని పిల్లలతో సహా వెళ్ళిన రోజులు మేము మరచిపోలేదు. దుంపల బస్తాల దగ్గర మన పెద్దల మధ్య ఎప్పుడూ ఒక సరదా తగవు. గుంటూరు వారికి అది బంగాళాదుంప, కడప వారికి ఉర్లగడ్డ, వరంగల్ వారికి ఆలుగడ్డ. పిల్లలకు పేరుతో పని లేదు. కొన్నిటి తొక్క లేత పసుపుగా, కొన్నిటిది ఎర్రగా ఎందుకుందని వారు అడిగితే మేము నీళ్ళు నమిలాం. ఆ ప్రశ్న వెంటపడి వెళితే ఎదురైన మహానుభావుడే రెడ్‌క్లిఫ్ సాలమన్.

ఆయన 1874లో లండన్‌లో ఒక సంపన్న యూదు కుటుంబంలో పుట్టారు. తండ్రిది ఉష్ట్రపక్షి ఈకల వ్యాపారం. ఆ రోజుల్లో దొరసానుల టోపీలకు ఆ ఈకలే అలంకారం. కొడుకు మాత్రం కేంబ్రిడ్జిలో విజ్ఞానశాస్త్రం, ఆపై వైద్యం చదివి, లండన్ హాస్పిటల్‌లో రోగనిర్ధారణ విభాగానికి అధిపతి అయ్యారు. అప్పటికి ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు. 1903లో ఆయనకు క్షయ సోకింది. క్షయకు మందే లేని కాలమది. ఆరు నెలలు స్విట్జర్లాండ్ కొండల్లో ఉండి వచ్చి, ఉద్యోగం వదిలేసి, భార్య నీనాతో ఒక పల్లెటూరు చేరారు. ఆ ఊరి పేరు బార్లీ! దుంపల శాస్త్రవేత్తకు ధాన్యం పేరున్న ఊరు దొరకడం మాకు భలే తమాషాగా అనిపించింది.

ఒంట్లో ఓపిక వచ్చింది, చేతిలో పని లేదు. అది మెండెల్ అనే సన్యాసి బఠాణీ మొక్కలపై చేసిన పరిశోధన మళ్ళీ వెలుగులోకి వచ్చిన కాలం. దాన్ని ఇంగ్లండులో ప్రచారం చేసిన విలియం బేట్సన్ సాలమన్‌కు మిత్రుడు. ఆయన ప్రోత్సాహంతో సాలమన్ సీతాకోకచిలుకలు, ఎలుకలు పెంచి చూశారు. ఏదీ కుదరలేదు. చివరికి ఇంటి తోటమాలినే సలహా అడిగారు. బంగాళాదుంపల గురించి తనకు తెలిసినంత లోకంలో ఎవరికీ తెలియదని నమ్మే ఆ తోటమాలి, వాటినే పట్టుకోమన్నాడు. అంత చదివిన డాక్టరుగారు ఆ మాట విన్నారు. మాకు ఆయన మీద గౌరవం కలిగింది ఇక్కడే. ఇది 1906 నాటి మాట.

పిల్లలూ, ఇక్కడ కాస్త జాగ్రత్తగా చదవండి. దుంపను ముక్కలుగా కోసి పాతితే వచ్చేది అదే మొక్క, అదే రంగు. రంగు ఎవరి నుంచి ఎవరికి వస్తుందో తెలియాలంటే ఒక మొక్క పువ్వులోని పుప్పొడిని మరో మొక్క పువ్వుకు చేర్చాలి. అప్పుడు పచ్చి టమాటా లాంటి చిన్న కాయలు కాస్తాయి (అవి విషం, తినకూడదు). వాటిలోని విత్తనాలు చల్లి, మొక్కలు పెరిగాక తవ్వి, ఒక్కొక్క దుంప రంగు రాసుకోవాలి. సాలమన్ ఏళ్ళ తరబడి చేసిన పని ఇదే.

1910లో ఆయన ఫలితాలు ప్రచురించారు. తొక్క రంగు ఒక్క అంశంతో తేలదు. ఎరుపునిచ్చే అంశం ఒకటి, దాన్ని ఊదాగా మార్చేది మరొకటి, ఆ రంగు తొక్కలో బయటపడేలా చేసేది ఇంకొకటి. ఇంట్లో మెయిన్ స్విచ్చి వేయకపోతే గదిలో ఎర్ర బల్బు ఉన్నా వెలగదు కదా, అలాగన్నమాట. ఈ లెక్క ప్రకారం ఒక తెల్ల దుంపలో బల్బు ఉండి స్విచ్చి లేకపోవచ్చు, మరో తెల్ల దుంపలో స్విచ్చి ఉండి బల్బు లేకపోవచ్చు. ఆ రెండిటికీ పుట్టిన దుంప ఎర్రగా ఉంటుంది! బంగాళాదుంపలో క్రోమోజోములు రెండేసి కాక నాలుగేసి ఉంటాయని తరువాత తెలిసింది. అందువల్ల లెక్కలు ఇంకా చిక్కుపడ్డాయి. అయినా ఆయన చెప్పిన మూడు అంశాలు నిలిచాయి. మన కాలపు శాస్త్రవేత్తలు వాటి జన్యువులను గుర్తించారు కూడా.

ఆ ఉత్సాహంలో 1911లో ఆయన మనుషుల ముఖకవళికలకు కూడా ఇదే సూత్రం అన్వయించి ఒక వ్యాసం రాశారు. మనుషుల పోలికలు అంత తేలికగా లెక్కకు అందవు. అది పొరపాటనే మా అభిప్రాయం.

రంగుల కోసం మొదలైన పని ఆయనను ఆకలి ప్రశ్న దాకా తీసుకువెళ్ళింది. 1845లో ఐర్లండులో ఆకుమాడు తెగులు వచ్చి దుంపలు నేలలోనే కుళ్ళిపోయాయి. కొన్నేళ్ళలో దాదాపు పది లక్షలమంది చనిపోయారు, దాదాపు అంతమందే ఓడలెక్కి దేశం విడిచారు. పొట్ట చేతపట్టుకుని దేశం దాటిన మన కుటుంబాలకు ఆ రెండో సంఖ్య బరువెంతో వేరే చెప్పక్కరలేదు. 1909లో సాలమన్ తోటకూ అదే తెగులు వచ్చింది. చుట్టూ మొక్కలు మాడిపోతుంటే, ఒక అడవి రకం విత్తనాల నుంచి మొలిచిన కొన్ని మాత్రం పచ్చగా నిలబడ్డాయి. తెగులును తట్టుకునే గుణం కూడా రంగులాగే తరతరాలకు అందుతుందని ఆయన గ్రహించి, అడవి రకాలను సాగు రకాలతో సంకరం చేయడం మొదలుపెట్టారు. తెగులు కూడా ఊరుకోలేదు, కొత్త రూపాలు దాల్చి ఆ రక్షణను దాటింది. కానీ అడవి జాతుల్లో వెతకాలన్న దారిలో శాస్త్రవేత్తలు నేటికీ నడుస్తున్నారు.

1925లో నీనా కన్నుమూశారు. ఆమె హీబ్రూ కవిత్వాన్ని ఇంగ్లీషులోకి తెచ్చిన విదుషీమణి. మరుసటి ఏడాదే కేంబ్రిడ్జిలో బంగాళాదుంప వైరస్ పరిశోధనా కేంద్రం ఏర్పడగా సాలమన్ దానికి అధిపతి అయ్యారు. పేనుబంక చొరబడని అద్దాల ఇళ్ళలో వైరస్ లేని విత్తన దుంపలు పెంచడం అక్కడి ముఖ్యమైన పని. 1935లో రాయల్ సొసైటీ సభ్యత్వం లభించింది.

1949లో, డెబ్బై నాలుగేళ్ళు దాటిన వయసులో, దాదాపు 700 పేజీల బంగాళాదుంప చరిత్ర వెలువరించారు. పెరూ కొండల నుంచి ఐర్లండు పూరిగుడిసెల దాకా ఆ దుంప చేసిన మేలూ కీడూ అందులో ఉన్నాయి. ముప్పైలోపే క్షయ పాలైన ఆ మనిషి ఎనభై ఏళ్ళు బతికి, 1955లో బార్లీలోనే కన్నుమూశారు.