నేల లోపలి జీవుల జాడ తీసిన వినోగ్రాడ్‌స్కీ

మెట్ట పొలంలో చల్లిన యూరియాలోని నత్రజని చాలావరకు నైట్రేట్‌గా మారిన తర్వాతే పైరు వేళ్లకు అందుతుంది. ఆ మార్పు చేసే సూక్ష్మజీవులను పట్టి చూపిన శాస్త్రజ్ఞుడు సెర్గీ వినోగ్రాడ్‌స్కీ. 1856లో కీవ్‌లో జన్మించిన ఆయన న్యాయశాస్త్రంలో చేరి మానేశారు; సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో కొంతకాలం పియానో అభ్యసించి అదీ విడిచి, చివరకు ప్రకృతి శాస్త్రాలలో కుదురుకున్నారు.

ఆకుపచ్చని మొక్కలే, అదీ వెలుతురు ఉంటేనే, బొగ్గుపులుసు వాయువుతో దేహం నిర్మించుకోగలవన్నది నాటి నమ్మకం. స్ట్రాస్‌బర్గ్‌లో గంధకపు నీటి బాక్టీరియాను పరిశీలించిన వినోగ్రాడ్‌స్కీ, అవి హైడ్రోజన్ సల్ఫైడ్‌ను ఆక్సీకరించి శక్తి పొందుతున్నాయని 1887లో ప్రకటించారు. ఆ ఆలోచనతోనే జ్యూరిక్‌లో నత్రజని వైపు మళ్లారు.

అమోనియా నైట్రేట్‌గా మారడం జీవుల పనేనని ఫ్రెంచి శాస్త్రజ్ఞులు ష్లోసింగ్, మూంట్స్ 1877లోనే తేల్చారు. క్లోరోఫాం ఆవిరి తగిలితే ఆ మార్పు ఆగిపోయేది. అయినా ఆ జీవి మాత్రం ఎవరికీ చిక్కలేదు. ప్రయోగశాలల్లో అందరూ వాడే జెలటిన్ దానికి సరిపడదు. అందులో అది పెరగక, అక్కరలేనివి పెరిగేవి. వినోగ్రాడ్‌స్కీ సేంద్రియ పదార్థాన్నే తొలగించి, అమోనియా లవణం, ఖనిజాలు, నీరు మాత్రమే మిగిల్చారు. తర్వాత సిలికా జెల్ వాడారు. అప్పుడు బయటపడినవి ఒకటి కాదు, రెండు తెగలు: ఒకటి అమోనియాను నైట్రైట్ చేస్తుంది, రెండోది నైట్రైట్‌ను నైట్రేట్ చేస్తుంది. రెండూ చీకట్లోనే బొగ్గుపులుసు వాయువుతో ఎదుగుతాయి.

పారిస్‌కు రమ్మని పాస్టర్ కబురంపినా, 1891లో ఆయన సెయింట్ పీటర్స్‌బర్గ్‌నే ఎంచుకున్నారు. గాలి సోకని చోట వాతావరణ నత్రజనిని స్థిరీకరించే బాక్టీరియాను అక్కడ కనుగొని, దానికి పాస్టర్ పేరే పెట్టారు. ఆరోగ్యం దెబ్బతినడంతో 1905 ప్రాంతంలో పరిశోధన విడిచి ఉక్రెయిన్‌లోని సొంత ఎస్టేటుకు వెళ్లిపోయారు. విప్లవం ఆ ఎస్టేటునూ మిగల్చలేదు. దేశం విడిచి బెల్‌గ్రేడ్ చేరారు.

1922లో పాస్టర్ సంస్థ మళ్లీ పిలిచింది. సుమారు పదిహేనేళ్లు ప్రయోగశాలకు దూరంగా ఉన్న మనిషి, అరవై అయిదు దాటాక, పారిస్ సమీపంలోని బ్రీ-కోంత్-రొబేర్‌లో పని మొదలుపెట్టారు. ఈసారి ఆయన ధోరణి మరింత సాహసోపేతం: సీసాలో ఒంటరిగా పెంచిన జీవి నేలలోని తీరును చూపదని వాదించి, తాజా మట్టినే సూక్ష్మదర్శిని కింద పెట్టారు. నేలలో ఎల్లప్పుడూ నిదానంగా పనిచేసేవి వేరు, ఆకులో పశుల ఎరువో పడగానే ఒక్కసారిగా పెచ్చుపెరిగేవి వేరు అని విభజించారు. నేటికీ మట్టి పరిశోధకులకు ఆ విభజన పరిచితమే.

తన పరిశోధనలన్నింటినీ తొంభై ఏళ్లు దాటాక, 1949లో, ఒకే గ్రంథంగా వెలువరించారు. 1953 ఫిబ్రవరిలో బ్రీలోనే కన్నుమూశారు.