యాసే ఆయన గుర్తు

లారెన్స్ వెల్క్ 1903లో అమెరికాలోని నార్త్ డకోటా రాష్ట్రం, స్ట్రాస్‌బర్గ్ దగ్గర రైతు ఇంట పుట్టారు. తల్లిదండ్రులు ఒడెస్సా ప్రాంతం నుంచి వలస వచ్చిన జర్మన్లు. ఇంటా బయటా జర్మనే. చదువు నాలుగో తరగతితోనే ఆగింది.

నాన్న వాయించే అకార్డియన్ మాత్రం ఆయన్ను వదల్లేదు. 400 డాలర్ల కొత్త వాయిద్యం కొనిపెడితే 21 ఏళ్లు నిండేదాకా పొలం పని చేస్తానని మాటిచ్చి, నిలబెట్టుకున్నారు. ఆ పుట్టినరోజునే ఇల్లు వదిలారు. అప్పటికి ఇంగ్లిష్ సరిగా రాదు.

వలస రైతుల పోల్కాలతో ఊరూరా తిరిగి, సొంత బ్యాండు కట్టారు. 1955 నుంచి 1982 దాకా అమెరికా టీవీలో ఆయన కార్యక్రమం సాగింది. జర్మన్ యాసకు మొదట్లో సిగ్గుపడినా, ప్రేక్షకులు ఆయన్ను గుర్తుపట్టింది ఆ యాసతోనే. 1992లో కన్నుమూశారు.

ఇంటి భాష ఆయనకు పాటనిచ్చింది. రాజ్యభాష ఆలస్యంగా వచ్చి కష్టపెట్టింది. మన పిల్లలకు బడిలో రెండూ కలిసే అందాలి.