మదామ్ క్లికో

మదామ్ క్లికో (డిసెంబర్ 16, 1777 - జూలై 29, 1866) ఫ్రాన్సు దేశానికి చెందిన సుప్రసిద్ధ షాంపేన్ వ్యాపారి. ఈమె అసలు పేరు బార్బ్ నికోల్ పోన్సార్డాన్. 27 సంవత్సరాల వయసులో భర్తను కోల్పోయి, మూతపడబోతున్న ద్రాక్షసారాయి సంస్థను తన చేతిలోకి తీసుకొని యూరప్ అంతటా పేరు తెచ్చినది. ఆ సంస్థ నేటికీ "వెవ్ క్లికో" అనే పేరుతోనే ఉన్నది. ఫ్రెంచి భాషలో వెవ్ అంటే వితంతువు.

బాల్యము, వివాహము

ఈమె ఫ్రాన్సు ఈశాన్య భాగంలోని షాంపేన్ ప్రాంతపు ముఖ్యనగరమైన రీమ్స్ లో జన్మించినది (ఈ నగరం పేరును ఫ్రెంచివారు రాన్స్ అని పలుకుతారు). తండ్రి నికొలా పోన్సార్డాన్ సంపన్న వస్త్ర వ్యాపారి. ఆయన కాలానుగుణంగా నడచుకొనే నేర్పు గలవాడు. విప్లవకాలంలో విప్లవకారుల పక్షాన ఉండి, తరువాత నెపోలియన్ పాలనలో నగర మేయరు పదవిని, బారన్ బిరుదును కూడా పొందెను. 1789లో విప్లవం చెలరేగినప్పుడు కాన్వెంటులో చదువుతున్న బాలికను ఒక దర్జీ స్త్రీ పేదపిల్ల వేషం వేసి తప్పించినదని చెబుతారు.

1798లో ఈమె వివాహం ఫ్రాంస్వా క్లికోతో జరిగింది. ఫ్రాంస్వా తండ్రి ఫిలిప్ క్లికో 1772లో ద్రాక్షసారాయి వ్యాపారం ప్రారంభించినప్పటికీ ఆ కుటుంబానికి ప్రధాన ఆదాయం బట్టల వ్యాపారమే. ద్రాక్షసారాయి మీద మక్కువ కొడుకుకు ఎక్కువ. భార్యాభర్తలిద్దరూ కలిసి ఆ వృత్తి మెళకువలు నేర్చుకొన్నారు. 1799లో వారికి క్లెమంటీన్ అనే కుమార్తె కలిగింది.

వ్యాపారంలో ప్రవేశము

1805 అక్టోబరులో ఫ్రాంస్వా జ్వరంతో మరణించాడు. ఒక్కగానొక్క కొడుకు పోయిన దుఃఖంలో ఫిలిప్ సంస్థను మూసివేయ నిశ్చయించాడు. అప్పుడు కోడలు తానే నడుపుతానని మామగారిని ఒప్పించినది. ఇక్కడ ఒక విషయం గమనించాలి. 1804 నాటి నెపోలియన్ శిక్షాస్మృతి కాదు, పౌరస్మృతి ప్రకారం వివాహిత స్త్రీ భర్త అనుమతి లేనిదే వ్యాపారం చేయరాదు. వితంతువుకు మాత్రం ఆ స్వేచ్ఛ ఉండెను. అందువల్లనే ఈమె మరల వివాహం చేసుకొని ఉంటే ఈ చరిత్ర మరొక విధంగా ఉండేది.

అనుభవజ్ఞుడైన అలెగ్జాండర్ ఫూర్నోతో నాలుగేళ్ళ భాగస్వామ్యం కుదిరింది. కానీ ఆ సంవత్సరాలు యుద్ధసంవత్సరాలు. ఓడరేవుల దిగ్బంధనం వల్ల ఆమ్‌స్టర్‌డామ్ లో పెద్ద సరుకు చిక్కుకొని పాడైపోయింది. 1810లో భాగస్వామి విడిపోగా, సంస్థ ఈమె ఒక్కరి చేతిలో మిగిలినది.

1814 నాటి సాహసము

1811లో ఆకాశంలో పెద్ద తోకచుక్క కనిపించినది. ఆ ఏడు ద్రాక్షపంట అమోఘంగా పండింది. అయితే కొనేవారేరీ? రష్యా మంచి గిరాకీ గల దేశమే గానీ అక్కడ ఫ్రెంచి ద్రాక్షసారాయి సీసాలపై నిషేధం ఉన్నది. 1814లో నెపోలియన్ పదవి కోల్పోగానే, నిషేధం తొలగుతుందని ముందుగానే ఊహించి, పోటీదారులకు తెలియకుండా ఒక డచ్చి ఓడలో 10,550 సీసాలను కోనిగ్స్‌బర్గ్ రేవుకు పంపినది. సరుకు పట్టుబడినా, వేసవి వేడికి సీసాలు పగిలినా సంస్థ కోలుకోవడం కష్టమే. నమ్మకస్తుడైన ఏజెంటు లూయీ బోన్ ఓడ వెంట వెళ్ళాడు. సీసాలు క్షేమంగా చేరాయి, కొనుగోలుదారులు ఎగబడ్డారు. అప్పటి నుండి రష్యా ప్రభువుల విందులలో క్లికో పేరు స్థిరపడింది. పుష్కిన్ తన యూజీన్ ఒనేగిన్ కావ్యంలో సైతం ఈ షాంపేన్ ను పేర్కొన్నాడు.

మడ్డి తీసే పద్ధతి

షాంపేన్ సీసాలోనే రెండవసారి పులుస్తుంది. అప్పుడే బుడగలు పుడతాయి, వాటితోపాటు మడ్డి కూడా మిగులుతుంది. పూర్వం ఒక సీసా నుండి మరొక సీసాలోకి వంచేవారు. దానివల్ల బుడగలు పోయేవి, సరుకు వృథా అయ్యేది. 1816 ప్రాంతంలో ఈమె బల్లకు రంధ్రాలు చేయించి, సీసాలను తలక్రిందులుగా నిలిపి, రోజూ కొద్దికొద్దిగా త్రిప్పించసాగినది. కొన్ని వారాలలో మడ్డి అంతా బిరడా వద్దకు చేరేది. బిరడా తీయగానే మడ్డి బయటకు చిమ్మేది. రంధ్రాలను ఏటవాలుగా తొలిచే మెరుగుదలకు ఆమె నేలమాళిగ పెద్ద ఆంటోయిన్ ముల్లర్ కారకుడు. ఈ రహస్యం కొన్నేళ్ళ తరువాత పొక్కి, ఆ ప్రాంతమంతా వ్యాపించింది. 1818లో ఎర్ర ద్రాక్షసారాయి కలిపి గులాబీరంగు షాంపేన్ తయారుచేసినది కూడా ఈమెయే.

చివరి దశ

1828లో పారిస్ బ్యాంకు ఒకటి దివాలా తీయగా సంస్థ ప్రమాదంలో పడింది. ఉద్యోగి ఎడ్వర్డ్ వెర్లే తన సొంత ధనంతో ఆదుకొన్నాడు. 1831లో ఆయనను భాగస్వామిగా చేసుకొని, వ్యాపారాన్ని కుమార్తెకు, విలాసపురుషుడైన అల్లునికి కాక ఆయనకే అప్పగించినది. బూర్సో గ్రామంలో కట్టించిన కోటలో 88వ యేట మరణించినది. ఆమె సమాధి రీమ్స్ ఉత్తర శ్మశానంలో ఉన్నది.

నేలమాళిగల సందర్శన

రీమ్స్ లో సంస్థ నేలమాళిగలను చూడడానికి యాత్రికులు వస్తుంటారు. ఇవి పూర్వం సుద్దరాయి త్రవ్విన లోతైన గోతులు. ఏడాది పొడవునా చల్లగా ఉంటాయి కనుక సీసాలు నిలువచేయడానికి అనువైనవి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫిరంగిదాడులకు భయపడిన నగరవాసులు ఇటువంటి గోతులలోనే తలదాచుకొన్నారు. ఇక్కడే మదామ్ క్లికో తిరిగినదని చాలామంది అనుకొంటారు గానీ, సంస్థ ఈ గోతులను కొన్నది 20వ శతాబ్దం ఆరంభంలో మాత్రమే. సందర్శన చివర షాంపేన్ రుచి చూపిస్తారు. షాంపేన్ కొండవాలులు, సంస్థలు, నేలమాళిగలను యునెస్కో 2015లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినది. అంతకుముందు 2010లో బాల్టిక్ సముద్రంలో ఓలాండ్ దీవుల వద్ద మునిగిన ఒక ఓడలో 19వ శతాబ్దపు షాంపేన్ సీసాలు దొరికాయి. వాటిలో కొన్ని ఈమె జీవించి ఉన్న కాలంలో నింపిన వెవ్ క్లికో సీసాలు.